నాలుగువందల పన్నెండు గ్రాముల గద

ఒంటిగంటా ఇరవైకి నేను హత్య జరిగిన గది గుమ్మంలో నిలబడ్డాను. నాలుగింటికి, ఆ కేసులో పట్టుకున్న ల్యాబు ఆవిణ్ణి కోర్టులో హాజరుపరుస్తారు. అక్కణ్ణుంచి జైలుకి పంపేశారంటే మళ్లీ బయటికి తీసుకురావడం నా తరం కాదు. ఆ సంగతి నాకూ తెలుసు, నన్ను కుదుర్చుకున్న మనిషికీ తెలుసు.

నన్ను కుదుర్చుకున్నది ఆ ల్యాబు ఆవిడ అత్తగారు. పాతికేళ్లుగా ఈ డిటెక్టివ్ పనిలో ఉన్నాను. కోడలి మీద నిఘా పెట్టమని వచ్చిన అత్తగార్లను చూశాను గానీ, కోడల్ని విడిపించమని వచ్చిన అత్తగారిని చూడటం ఇదే మొదలు.

"మా కోడలికి కోపం వస్తే నన్ను తిడుతుంది బాబూ. ఇనుముని మాత్రం పల్లెత్తు మాట అనదు," అంది వరండాలో బెంచీ మీద కూర్చుని. "సోమవారం ఒంటిగంటా పన్నెండు నుంచి ముప్ఫైనాలుగు దాకా ఫోన్లో నాతో పోట్లాడుతూనే ఉంది. ఇరవై రెండు నిమిషాలు. ఓ పక్క మనిషిని చంపుతూ ఇంకో పక్క నాతో అంత శ్రద్ధగా పోట్లాడటం ఎవరివల్లా కాదు."

"దేని గురించి పోట్లాట?"

"కంటి ఆపరేషనయ్యాక చుక్కలు వేసుకోవట్లేదని."

పోలీసులు ఆ మాట కొట్టిపారేశారు. అత్తగారి సాక్ష్యం చెల్లదట. ఫోను చెవికి ఆనించి కూడా రెండో చేత్తో కొట్టొచ్చట. నాకు ఒళ్లు మండింది గానీ, ఒళ్లు మండటం సాక్ష్యం కిందికి రాదు.

జరిగింది ఇది. ఆ గది ఉన్న భవనంలో పాత ఆయుధాల విభాగం ఉంది. తవ్వకాల్లో దొరికిన కత్తులు, ఈటె మొనలు, కవచం ముక్కలు అక్కడికొస్తాయి. వాటిని కొలిచి, శుభ్రం చేసి, ఎప్పటివో ఎలా వాడారో తేలుస్తారు. ఆ విభాగానికి పెద్ద ఒకాయన. అందరూ పెద్దసారు అనేవాళ్లు. సోమవారం మధ్యాహ్నం ఒకటిన్నర ప్రాంతంలో ఆయన తల మీద దెబ్బ పడింది. ఒంటిగంటా యాభై ఎనిమిదికి పోలీసులకి ఫోను వెళ్లింది. వాళ్లు రెండూ పదికి వచ్చేసరికి ప్రాణం లేదు. కొట్టిన వస్తువు పక్కనే పడి ఉంది. పాత యుద్ధభూమిలో దొరికిన ఇనప గద.

గద అంటే భుజాన వేసుకునేంతది అనుకోకండి. దాని కర్ర ఎప్పుడో మట్టిలో కలిసిపోయింది. మిగిలింది పిడికిలి కన్నా కాస్త పెద్ద తల, దాని చుట్టూ ఆరు రేకులు. అది ఉండే గదికి తాళంచెవులు మూడే. ఒకటి పెద్దసారుది. రెండోది వీటిని శుభ్రం చేసి చూసుకునే ల్యాబు ఆవిడది. మూడోది దాన్ని తవ్వి తీసినాయనది. తవ్వకాల్లో మట్టి గీకే తాపీ ఎప్పుడూ ఆయన నడుముకి వేలాడుతుంటుంది కాబట్టి ఆయన్ని తాపీ మాస్టారు అంటారు. శవాన్ని చూసి పోలీసులకి ఫోను చేసింది ఆయనే.

గది తలుపు దగ్గర ఇన్‌స్పెక్టరు నాకు అడ్డం నిలబడ్డాడు. ఈయన నాకు స్వయానా తోడల్లుడు, మా మరదలి మొగుడు. మామగారింట్లో ఎదురుపడితే 'అన్నయ్యా' అంటాడు. ఒంటి మీద యూనిఫాం ఉంటే 'ఏమండీ'.

"ఏమండీ, అరగంట ఇస్తున్నాను. చూసుకుని వెళ్లండి. కేసు ముగిసింది."

"ముగిస్తే ఆ సంచీ ఎందుకు మోసుకొచ్చావు?"

ఆయన చేతిలో సీలు వేసిన ప్లాస్టిక్ సంచీ ఉంది. లోపల గద.

"ఎలా కొట్టిందో ఆవిడ చేత చూపించి వీడియో తీయాలి. ఆ తర్వాత కోర్టు."

"ఆవిడ ఒప్పుకుందా?"

"ఒప్పుకోకపోయినా ఫరవాలేదు. ఆ గద లోపల ఎలాంటి ఇనుముందో చూడటానికి పెద్దసారు ఓ ముక్క కోయాలనుకున్నారు. సోమవారం రెండింటికి కోత. ఆ రోజు పొద్దున పదింటికి ఈవిడ ఆయన మీద అంతెత్తున లేచింది. 'నేను బతికుండగా దీని మీద రంపం పెట్టనివ్వను' అంది. తొమ్మిదిమంది విన్నారు. ఒంటిగంటా అయిదుకి పెట్టె తీసినట్టు రిజిస్టర్లో సంతకం పెట్టింది. ఇంకేం కావాలి మీకు?"

"ఇంకా రెండున్నర గంటలు కావాలి," అని లోపలికి నడిచాను.

గది చిన్నది. గోడల వెంట ఇనప అరలు, అరల నిండా మూతలున్న, లోపలేముందో కనపడని ప్లాస్టిక్ పెట్టెలు. మధ్యలో పొడుగాటి బల్ల. బల్ల పక్కన నేల మీద సుద్దగీత. బల్ల మీద గద తాలూకు ఖాళీ పెట్టె, దానికి కొంచెం అవతల ఓ తూకం మిషను. పక్కగదిలోకి ఒక తలుపు, అది తెరిస్తే తాపీ మాస్టారు బొమ్మలు గీసుకునే గది. వెనక మెట్ల వైపు ఇంకో తలుపు. అన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి, పెనుగులాట జరిగిన జాడ లేదు. కొట్టిన మనిషికి పెద్దసారు భయపడలేదన్న మాట.

మహిళా కానిస్టేబులు ల్యాబు ఆవిణ్ణి తీసుకొచ్చింది. ముప్ఫై అయిదేళ్లుంటాయి. రెండు రోజులుగా నిద్ర లేని ముఖం.

"మీ అత్తగారు పంపారమ్మా నన్ను."

"ఆవిడకి చుక్కలు ఎవరు వేస్తున్నారు?"

"ఆ మాట మీరే వెళ్లి అడుగుదురుగాని. ముందు నాకు జవాబు చెప్పండి. ఒంటిగంటా అయిదుకి ఏం చేశారు?"

"పెద్దసారు పెట్టె బయట పెట్టమన్నారు. అర మీంచి ట్రాలీ మీదకి జరిపాను. ట్రాలీ బల్ల దాకా తోసి, బల్ల మీదకి జరిపాను. మూత నేను తియ్యలేదు. ఆయనే తీస్తానన్నారు. నాకు చూడబుద్ధి కాలేదు. వెనక మెట్ల మీద కూర్చుని డబ్బా విప్పాను. అత్తయ్యకి ఫోను చేశాను. తిండి సహించలేదు."

"వెనక మెట్ల మీద మిమ్మల్ని ఎవరైనా చూశారా?"

"లేదు."

ఇన్‌స్పెక్టరు గట్టిగా నిట్టూర్చాడు, నాకు వినపడాలనే. నేను పోలీసు ఫోటోలు అడిగాను. ఇష్టం లేకుండానే ఇచ్చాడు. సోమవారం మధ్యాహ్నం రెండూ నలభైకి తీసినవి. ఆవిడ ముందు ఒక్కొక్కటే పరిచాను. శవం ఫోటో చూడలేక ముఖం తిప్పుకుంది. మూడో ఫోటో తెరిచి ఉన్న పెట్టెది. దాని మీద ఆవిడ చూపు ఆగిపోయింది.

"ఈ గుళికలు నావి కావు."

"ఏ గుళికలు?"

"అడుగున ఉన్నవి. సిలికా జెల్."

కొత్త బూట్ల పెట్టెలో చిన్న పొట్లం వస్తుంది చూడండి, ఆ గుళికలే. మట్టిలోంచి తీసిన ఇనుముకి తేమ తగలకూడదు. అందుకని ప్రతి పెట్టె అడుగునా అవి పోస్తారు. పొడిగా ఉన్నంతసేపూ నీలంగా ఉంటాయి. తేమ పీల్చుకుంటే గులాబీ రంగుకి తిరుగుతాయి. అప్పుడు తీసేసి కొత్తవి పోస్తారు. ఇదంతా ఆవిడ చెబుతుంటే నేను ఫోటో కళ్ల దగ్గర పెట్టుకుని చూశాను. పెట్టె అడుగంతా గులాబీ రంగే.

"శుక్రవారం సాయంత్రం అయిదున్నరకి నేనే మార్చాను. అన్నీ నీలంవి," అందావిడ.

"పెట్టె తెరిచి ఉంది. గాలి తగిలింది. రంగు మారింది," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "దానికింత రాద్ధాంతం ఎందుకు?"

"గంటన్నరలో మారవు సార్. ఇంత మందంగా పోస్తే, మూత తీసి వదిలేసినా కనీసం ఒక రోజంతా పడుతుంది."

నాకు మొదటి దారం కొస దొరికింది. ఎవరో మంచి గుళికలు ఎత్తుకుపోయి పనికిరాని గుళికలు పోశారు. డబ్బు కోసం వచ్చిన దొంగ ఇలాంటి పని చెయ్యడు. తడి తగలకుండా కాపాడుకోవాల్సిన వస్తువు ఒకటి తన దగ్గర ఉన్నవాడే చేస్తాడు.

"అమ్మా, ఈ గదతో మనిషిని గట్టిగా కొడితే ఏమవుతుంది?"

ఆవిడ అలమారలోంచి ఎక్స్‌రే ఫిల్ము తీసి కిటికీ అద్దానికి ఆనించింది. రేకుల ఆకారం కనిపిస్తోంది. లోపల మాత్రం సగానికి పైగా నల్లటి ఖాళీలే.

"పైకి ఇనుములా ఉంటుంది. లోపలంతా తుప్పు తినేసింది. రంపం పెడితే ముక్క రాదు, మొత్తం రాలిపోతుంది. అందుకే సార్‌తో గొడవపడ్డాను. దీంతో కొడితే తల పగలదండీ. గద పగులుతుంది."

"పగిలింది తలే," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "గదకి చిన్న గీటు కూడా పడలేదు. రక్తం, వెంట్రుకలు అన్నీ దీని మీదే ఉన్నాయి. మా ల్యాబు తేల్చి రాసింది. ఈ కాకమ్మ కథలు జడ్జిగారికి చెప్పుకోమనండి."

"ఇద్దరూ నిజమే చెబుతున్నారు," అన్నాను. "అసలు గదైతే దెబ్బకి అదే పగిలేది. చంపింది అసలు గద కాదు. అమ్మా, దాని బరువెంత?"

"నాలుగువందల పన్నెండు గ్రాములు." కార్డు చూడకుండానే చెప్పింది. తర్వాత కార్డు కూడా చూపించింది.

"తమ్ముడూ, ఆ సంచీ తూకం మీద పెట్టు."

"సీలు వేసిన సాక్ష్యం అది."

"విప్పమనలేదు. పెట్టమన్నాను. సంచీ ఏ పదిహేను గ్రాములో ఉంటుంది. దానికీ నాకూ గొడవ లేదు."

ఆయన కదల్లేదు. నేనూ కదల్లేదు. మా మామగారింట్లో కుర్చీ కోసం కూడా మేమిద్దరం ఇలాగే నిలబడిన రోజులున్నాయి. కానిస్టేబులు నేల చూపులు చూస్తోంది. చివరికి ఆయన ముఖం మాడ్చుకుని సంచీ తూకం మీద పెట్టాడు. అంకెలు గిర్రున తిరిగి ఆగాయి. తొమ్మిదివందల ఎనభై అయిదు.

"మీరెవరూ తూచలేదా?"

"మేం రక్తం చూశాం," అన్నాడు గొంతు తగ్గించి. "బరువు ఎవరు చూస్తారు?"

ల్యాబు ఆవిడ తూకం దగ్గరికొచ్చి అంకెలు చూసింది. "ఇది నకలు. ఏ గద ఎలాంటి గాయం చేస్తుందో చూడటానికి మట్టి తలల మీద కొట్టి పరీక్షిస్తాం. వాటి కోసం కమ్మరి చేత చేయించినవి. ఉప్పునీళ్లలో నానబెడితే ఇలాగే తుప్పు పడుతుంది."

"ఎన్ని చేయించారు?"

"ఎనిమిది. ఆ గోడకి ఉంటాయి."

లెక్కపెట్టాను. ఏడున్నాయి.

"రెట్టింపు పైన బరువు. సోమవారం పెట్టె తీసినప్పుడు మీకు తెలియలేదా?"

"మేం పెట్టె ఎత్తం కదండీ. చెయ్యి జారితే పోతుందని ఎత్తనివ్వరు. జరపడమే. అర, ట్రాలీ, బల్ల మూడూ ఒకే ఎత్తు."

పెట్టెలో నకలు పెట్టినవాడికి ఆ పద్ధతి తెలుసు. పెద్దసారు మాత్రం మూత తీసి గదని చేత్తో పట్టుకున్నారు. నలభై ఏళ్లు ఇలాంటివి పట్టుకున్న చెయ్యి. అరక్షణంలో తెలిసిపోయి ఉంటుంది.

ఇన్‌స్పెక్టరు ఊరుకునే రకం కాదు. నిజం చెప్పాలంటే బుర్ర ఉన్నవాడే. "సరే, నకలే. మార్చింది ఈవిడే అనుకోవచ్చుగా. కోత పడకుండా అసలుది దాచింది. పెద్దసారు కనిపెట్టారు. కొట్టింది."

"నకలు పెట్టిన మనిషి, ఆ నకలుని కోస్తామంటే తొమ్మిదిమంది ముందు ఎందుకు అరుస్తుంది? కోసుకోమని ఊరుకుంటుంది."

ఆయన తూకం మీంచి సంచీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"కోతకి ఇంకెవరి అనుమతి కావాలి?" అని ఆవిణ్ణి అడిగాను.

"తవ్వినవాళ్లది. తాపీ మాస్టారు శనివారం సంతకం పెట్టారు. ఒక్క మాట కూడా అడ్డు చెప్పలేదు. నేను ఆశ్చర్యపోయాను."

రెండూ ముప్ఫై అయిదుకి మేం నలుగురం పక్కగదిలోకి వెళ్లాం. తాపీ మాస్టారు బల్ల మీదకి వంగి ఓ ఈటె మొన బొమ్మ గీస్తున్నాడు. అరవైకి దగ్గర పడ్డ మనిషి, ఎండకి కమిలిన మెడ. పక్కన చుట్టలు చుట్టిన పటాలు నిలబెట్టి ఉన్నాయి.

"ఆ యుద్ధభూమి కోసం ఎన్నేళ్లు వెతికారు మాస్టారూ?"

"పంతొమ్మిది."

"ఏం దొరికాయి?"

"మేకులు, బాణం ములుకులు, ఓ గద."

"పంతొమ్మిదేళ్లకి దొరికిన ఒక్క గద. దాన్ని కోస్తామంటే ఒక్క మాటలో ఒప్పుకున్నారు."

"శాస్త్రం కోసం ఒప్పుకోవాలి కదండీ." ఆయన పెన్సిలు ఆగలేదు.

"వాళ్లు కోయబోయింది మీ గదని కాదని మీకు తెలుసు కాబట్టి ఒప్పుకున్నారు."

ఇప్పుడు పెన్సిలు ఆగింది. అంతే. ఆయన ముఖంలో ఏమీ మారలేదు. "నకలు పెట్టారంటున్నారా? పెట్టెలు చూసేది ఈ అమ్మాయి. ఆ అమ్మాయినే అడగండి."

"ఆ మాట నా ముఖం చూసి అనండి మాస్టారూ," అందావిడ.

ఆయన ఆవిడ ముఖం చూడలేదు.

ఇన్‌స్పెక్టరు నన్ను పక్కకి లాగాడు. "అనుమానం బాగానే ఉంది. సాక్ష్యమేదీ? అసలు గద దొరికితే తప్ప ఇది నిలవదు. ఆయన ఇల్లు, ఈ గది వెతకాలంటే కాగితాలు రావాలి. రేపటికి గానీ రావు. నాలుగింటికి నేను ఆవిణ్ణి తీసుకెళ్లక తప్పదు. నా ఉద్యోగం అది."

టైము మూడయింది. నేను తాపీ మాస్టారి వంక చూశాను. పనికిరాని నకలు మీద మంచి గుళికలు దండగ అనుకున్న మనిషి ఆయన. నీలం గుళికలు అసలుదాని కోసం తీసుకెళ్లాడు. అంటే దాన్ని రోజూ చూసుకుంటున్నాడు. ఆయన్ని భయపెట్టే దారి ఒక్కటే ఉంది. మనిషి గురించి చెబితే లాభం లేదు.

గొంతు పెంచి ఇన్‌స్పెక్టర్ని అడిగాను. "కేసు తేలేదాకా ఈ గదులన్నిటికీ సీలు వేస్తావా?"

"వేస్తాను. వెయ్యాలి."

"కరెంటు?"

"తీసేస్తాం."

"ఎన్నాళ్లు?"

"ఏడాది. రెండేళ్లు కూడా పట్టొచ్చు."

"ఎవరినీ లోపలికి రానివ్వరా? ఈ మాస్టారిని కూడా?"

"ఎవరినీ రానివ్వం. ఈయన ఇల్లు కూడా వెతుకుతాం. ఏం దొరికితే అది మా స్టోరులో పడేస్తాం. వానొస్తే మా స్టోరు కారుతుంది, అది వేరే సంగతి."

నేను ల్యాబు ఆవిడ వైపు తిరిగాను. "అమ్మా, గుళికలు మార్చేవాళ్లు లేకపోతే ఆ గద ఏమవుతుంది?"

నా ఉద్దేశం ఆవిడకి అర్థమైంది. తాపీ మాస్టారినే చూస్తూ మెల్లగా చెప్పింది. "వారం పదిరోజుల్లో గుళికలు గులాబీ రంగుకి తిరుగుతాయి. నెలకి ఇనుము చెమరుస్తుంది. ఒంటి మీద చెమట బొట్లలాగే, పసుపుగా. అవి ఆరిన చోటల్లా పెచ్చులు లేస్తాయి. ముందు రేకుల కొసలు పోతాయి. తర్వాత ఒక్కో రేకూ ఊడుతుంది. ఏడాదయ్యాక మూత తీస్తే గుప్పెడు ఎర్రమట్టి ఉంటుంది. ఏ రేకు ఎక్కడుండేదో కూడా చెప్పలేం."

ఆయన పెన్సిలు బల్ల మీద పెట్టాడు. అది దొర్లి కింద పడింది.

"ఇంక చెప్పకమ్మా."

"నేను జైల్లో ఉంటాను మాస్టారూ. మీరేమో గుమ్మం తొక్కలేరు. ఎవరు చూస్తారు దాన్ని?"

ఆయన వంగి పెన్సిలు ఏరుకుని మళ్లీ బల్ల మీద పెట్టాడు. గోడ గడియారంలో మూడూ పన్నెండు.

"పటాల వెనక," అన్నాడు. "పెద్ద చుట్ట తీస్తే కనిపిస్తుంది. తిప్పకుండా ఎత్తండి."

ఇన్‌స్పెక్టరు కదిలేలోపే ల్యాబు ఆవిడ వెళ్లింది. మూత బిగించిన ప్లాస్టిక్ పెట్టె, నాలుగు వైపులా క్లిప్పులు. బల్ల మీద పెట్టి తెరిచింది. మెత్తటి స్పాంజిలో తొలిచిన గుంటలో గద ఉంది. చుట్టూ నీలం గుళికలు, ఒక్కటి కూడా రంగు మారలేదు. ఇలాంటి శ్రద్ధ చాలా ఇళ్లలో మనుషుల మీద కూడా ఉండదు.

"ఎందుకు కొట్టారు?" అని అడిగాను.

"నకలుని చేతిలోకి తీసుకుని నవ్వాడు. 'అసలుది తీసుకురావయ్యా, కోత రెండింటికే' అన్నాడు. తీసుకురానన్నాను. అయితే నీ బల్ల కిందా పటాల వెనకా నేనే వెతుక్కుంటానని ఇటు తిరిగాడు. అప్పుడు నకలు బల్ల మీద ఉంది."

"ఈ అమ్మాయిని పట్టుకుంటే నోరు మెదపలేదు మీరు."

ఆయన చూపు పెట్టె మీదే ఉంది. నాకు ఆయన మీద ఉన్న కాస్త జాలి కూడా అక్కడితో పోయింది.

పెట్టె మూత లోపలివైపు ఓ కాగితం అంటించి ఉంది. ఈ పనిలో ఉన్నవాళ్లు చెయ్యకుండా ఉండలేని పని అది. ఏ వస్తువుని ఎప్పుడు ముట్టుకున్నారో, ఏం చేశారో తేదీ, టైము వేసి రాయాలి. శనివారం పొద్దున మొదలుపెట్టి పెన్సిలుతో చిన్న అక్షరాల్లో వరసగా రాసి ఉంది. ల్యాబు ఆవిడ వేలు పెట్టి చదువుతూ ఒక చోట ఆగిపోయింది. నా వైపు చూసింది.

"పైకి చదవండమ్మా."

"సోమవారం. మధ్యాహ్నం ఒంటిగంటా నలభై ఆరు. కొత్త గుళికలు పోశాను. బరువు నాలుగువందల పన్నెండు. మార్పేమీ లేదు."

ఆయన చేతిరాతే. కొట్టింది ఒకటిన్నరకి. ఫోను చేసింది ఒంటిగంటా యాభై ఎనిమిదికి. ఈ మధ్యలో ఆయనేం చేశాడో ఆయనే రాసిపెట్టుకున్నాడు. కోర్టుకి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. కానిస్టేబులు ల్యాబు ఆవిడ పక్కనుంచి జరిగి తాపీ మాస్టారి వెనక నిలబడింది.

ఇన్‌స్పెక్టరు మాత్రం ఆ కాగితం మీద నుంచి కళ్లు తిప్పలేదు. "పొద్దున డాక్టరు రిపోర్టు వచ్చింది," అన్నాడు. "దెబ్బ తగిలిన వెంటనే పోలేదాయన. అరగంట దాకా ఊపిరి ఉంది. ఒకటీ నలభై ఆరుకి పెద్దసారు గోడకి అవతల బతికే ఉన్నారు."

తాపీ మాస్టారు తల ఎత్తాడు. నా వైపు గాని, ఇన్‌స్పెక్టరు వైపు గాని చూడలేదు.

"మూత వెయ్యమ్మా," అన్నాడు. "గాలి తగులుతోంది."

ఆవిడ వేసింది. నాలుగు క్లిప్పులూ ఒక్కొక్కటే పెట్టింది.